నెమలి బొమ్మ డబ్బా

ఆ ఎండాకాలం మా ఇంట్లో సున్నుండలకు కొదవ లేదు.

అరవై మూడో సంవత్సరం అది. ప్రతి శనివారం దీపాలు పెట్టేవేళకు మా ఇంద్రసేన ఆట ముగించుకుని, చెమటకు చొక్కా వీపుకి అతుక్కుపోయి, ఒక రేకు డబ్బా చేతపట్టుకుని వచ్చేవాడు. దాని మూత మీద నెమలి బొమ్మ. "అమర్ వాళ్ళమ్మ పంపింది" అని వంటింటి గట్టు మీద పెట్టేవాడు. మూత తీస్తే నెయ్యి వాసన ముందుగది దాకా వెళ్ళేది. అక్కడ పేపరు చదువుతున్న మా ఆయన పేపరు మడిచేవారు.

మా ఆయన రామచందర్ లక్డీకాపూల్‌లో సర్కారు దఫ్తర్లో సూపరింటెండెంటు. సాయంత్రమైతే నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీ చివరనున్న సాయంకాల క్రీడా మండలికి కార్యదర్శి. మండలి అంటే పెద్ద భవనమేదో అనుకునేరు. ఒక రేకుల గది, బాల్ బ్యాడ్మింటన్ ఆడే ఒక మట్టి కోర్టు, రెండు కర్రల మధ్య ఒక నెట్టు, పసుపు ఊలుబంతులు, పాతిక మంది పిల్లలు. అందులో పెద్దపిల్లల టీముకు పదహారేళ్ళ మా ఇంద్రసేన కెప్టెను. కాకిపిల్ల కాకికి ముద్దు. తెల్లటి కాన్వాస్ బూట్లు వేసుకుని వాడు గల్లీలో నడిచి వెళ్తుంటే పని ఆపుకుని చూసేదాన్ని. ఆ బూట్లు రోజూ కొత్తవాటిలా మెరిసేవి. మావాడు తన బూట్లకు తనే సుద్ద పూసుకుంటున్నాడని పక్కింటావిడతో గొప్పలు కూడా చెప్పాను.

అమర్ అంటే అమరేశ్వరరావు. పదమూడేళ్ళవాడు. తండ్రి గోపాలరావు మా ఆయన సెక్షన్లోనే గుమాస్తా. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి మా వెనక గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. భార్య కామాక్షి. నేనావిడను ఒకసారి దూరం నుంచి చూశాను, అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు, తనే ముందు మా ఇంటికి రావాలి గదా అని నేను కూర్చున్నాను. సూపరింటెండెంటు భార్యనైతిని మరి.

అయినా మర్యాద తప్పలేదు నేను. మా అమ్మ నేర్పిన మాట ఒకటుంది, ఇంటికొచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదని. చివరికి చిటికెడు చక్కెరైనా వేసి పంపాలి. అందుకని ప్రతి సోమవారం ఆ డబ్బా కడిగి, ఆరబెట్టి, ఒకసారి మురుకులు, ఒకసారి కజ్జికాయల్లాంటి గరిజెలు, ఒకసారి పుట్నాలపప్పు దండిగా వేసిన అటుకుల చుడువా నింపి మావాడి చేతికిచ్చేదాన్ని. ఐదు వారాలు ఇలా నడిచింది. ఆంధ్రా సున్నుండలకు నా గరిజెలు ఏమాత్రం తీసిపోవని నా నమ్మకం.

మే నెల సగంలో ఒకరోజు సుల్తాన్ బజార్లో జాకెట్టు గుడ్డ బేరమాడుతుంటే పక్కనే నిలబడ్డ మనిషి నన్ను చూసి గబుక్కున చేతులు జోడించింది. కామాక్షి.

"అక్కయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఈ శనివారం పంపలేకపోయాను. మా అమ్మ ఊరినుంచి పంపిన నెయ్యి అయిపోయింది. వచ్చే శనివారం తప్పకుండా పంపుతానండి."

ఆ మాట తీరు నాకు నచ్చలేదు. ఇరుగుపొరుగు మర్యాదకు మాట్లాడే మాట కాదది. ఏదో బాకీ పడ్డట్టు మాట్లాడుతోంది.

"అయ్యో, గదేం మాట చెల్లె, నీకు ఓపికుంటెనే చెయ్యి" అన్నాను. "మరి నా మురుకులు ఎట్లున్నయి? కారం ఎక్కువైందా?"

"ఏ మురుకులండీ?"

"డబ్బాల పెట్టి పంపిన గద. గరిజెలు గూడ పంపిన."

కామాక్షి నా మొహం వంక చూసింది. జాకెట్టు గుడ్డలమ్మేవాడు "ఏ రంగు కావాలె అమ్మా" అని రెండుసార్లు అడిగాడు.

"డబ్బా ఎప్పుడూ ఖాళీగానే వచ్చిందండి" అంది చివరికి, చిన్న గొంతుతో. "ఖాళీ డబ్బా పంపుతున్నారంటే ఇంకా కావాలని కాబోలు అనుకున్నాను. మా అబ్బాయి కూడా సూపరింటెండెంటు గారింట్లో అడిగారమ్మా అని చెప్పాడు. మా వారితో అనలేదండి. ఆఫీసులో మీ వారి కిందే గదా."

నాకు ఒళ్ళంతా మంటెత్తింది. సిగ్గుతో మండిందో కోపంతో మండిందో ఇప్పటికీ చెప్పలేను. ఐదు వారాలు నేను చప్పరించి చప్పరించి తిన్నది ఒక తల్లి భయం. ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనున్న గాజుల దుకాణం అరుగు మీద కూర్చోబెట్టాను. అప్పుడు ఒక్కొక్కటే చెప్పింది. అమర్ క్లబ్బులో చేరి రెండు నెలలైనా బ్యాటు ముట్టుకోనివ్వలేదట. కోర్టుకు నీళ్ళు చల్లడం వాడే, ముగ్గుపిండితో గీతలు గీయడం వాడే, పెద్దపిల్లల బూట్లకు సుద్ద పూయడం వాడే. నోరు తెరిస్తే "ఏమండీ, ఆయ్యండీ" అని వెక్కిరిస్తారట, అందుకని అక్కడ అసలు మాట్లాడడట.

"మానెయ్యరా అంటే మానడండీ. ఎప్పటికైనా ఆడనిస్తారని వాడి ఆశ" అంది.

జాకెట్టు గుడ్డ కొనలేదు. అటునుంచి అటే గ్రౌండుకు నడిచాను.

మరో రెండు రోజుల్లో పోటీలు మొదలవుతాయన్నట్టు జోరుగా ఆడుతున్నారు. గోడ పక్కన నిలబడి చూశాను. నెట్టుకు ఒకవైపు కర్ర వదులై ఊగుతోంది. ఆ కర్రను రెండు చేతులతో పట్టుకుని అమర్ నిలబడి ఉన్నాడు. సన్నటి పిల్లవాడు, మోకాళ్ళ దాకా ముగ్గుపిండి. బంతి నెట్టుకు తగిలినప్పుడల్లా కర్రతోపాటు వాడూ ఊగుతున్నాడు. వాళ్ళంతా నవ్వుతున్నారు. అందరికన్నా గట్టిగా నవ్వుతున్నది నా కొడుకు. కాలికి మెరిసే తెల్లటి బూట్లు.

అరిచి రచ్చ చేద్దామనే అనిపించింది. నా నోటికి అదేం కొత్త కాదు. కానీ అందరి ముందూ నేను అరిస్తే రేపు ఆ కోపమంతా ఆ పిల్లవాడి మీదికే పోతుంది. నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

మా ఆయన చాయ్ తాగుతుంటే అంతా చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టారు. తర్వాత లేచి, బీరువాలోంచి కొత్త ఫైలు తీసి, దానికి దారం కట్టారు. నిజాం జమానాలో ఉర్దూలో దఫ్తరు పని నేర్చుకున్న మనిషి. ఇల్లు అంటుకున్నా ముందు ఫైలు తెరిచి, తర్వాతే నీళ్ళు పోస్తారు.

ఇంద్రసేన వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి మెమో తయారైంది. "ఇగో, తీసుకో. గిక్కడ దస్తఖత్ చెయ్" అన్నారు.

"ఇదేంది నాయినా?"

"నీ మీద తహకీకాత్ నడుస్తది. ఆదివారం పొద్దున పదిగంటలకు. అప్పటిదాంక నువ్వు కెప్టెన్‌వి కావు. నేను నీ నాయిన్ని గాదు, కార్యదర్శిని."

"మరి అన్నం ఎవరు పెడ్తరు, కార్యదర్శి పెడ్తడా?" అన్నాడు వాడు నవ్వుతూ. ఆ నవ్వు నావైపు తిరిగేసరికి సగంలో ఆగిపోయింది.

"అమ్మా, గివన్నీ క్లబ్బుల మామూలే. మేం చిన్నగున్నప్పుడు మాతోటి గూడ నీళ్ళు మోయించిన్రు."

"మోయించిన్రు సరే. మా నాయిన మీ నాయినకు ఆఫీసర్ అని ఎవ్వరన్న నీతోటి అన్నరా?"

కామాక్షి చెప్పని సంగతి అది, నేను ఊహించి అడిగాను. వాడి మొహం చూస్తే నిజమేనని తెలిసింది.

"గా తల్లి నీ కోసం వండలేదు బిడ్డా. మీ నాయిన కుర్చీకి భయపడి వండింది. గది నువ్వు తెచ్చి నా నోట్లె పెట్టినవ్" అన్నాను. అరవలేదు. మామూలుగానే చెప్పి పచ్చిపులుసు పోశాను. వాడు ఆ పూట సగం కంచంలోనే లేచాడు.

ఆదివారం పది గంటలకు విచారణ కోసం రేకుల గది ముందు బల్ల వేశారు. అధ్యక్షుడు బాలకిషన్ సార్ బడిలో డ్రిల్లు మాస్టరు, మెడలో ఈలతోనే పుట్టాడంటారు. పక్కన మా ఆయన, ఫైలు, సిరాబుడ్డి. ఎదురుగా నలుగురు పెద్దపిల్లలతో ఇంద్రసేన. ఇటువైపు గోపాలరావు, కామాక్షి, అమర్. పెద్దలకు చాయ్ తెస్తున్నానన్న వంకతో నేనూ వెళ్ళాను. పొద్దున్నే కామాక్షినడిగి తెచ్చుకున్న ఆ నెమలి బొమ్మ డబ్బా సంచిలో పెట్టుకున్నాను.

"నీకేమన్న జరిగితే భయం లేకుంట చెప్పు బేటా" అన్నాడు బాలకిషన్ సార్.

అమర్ తండ్రి వంక చూశాడు. గోపాలరావు చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని, ఆఫీసులో నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పిల్లల ఆటలండీ. మావాడికేం కష్టం లేదు సార్. నీళ్ళు చల్లడం వాడికిష్టమే" అన్నాడు. అంటున్నంతసేపూ మా ఆయన్నే చూస్తున్నాడు.

అమర్ తల దించుకున్నాడు. "ఏం లేదండి" అన్నాడు.

పెద్దపిల్లల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. మా ఆయన కలం మూత పెట్టేశారు. ఆయన మొహంలో బాధ నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆయన చదువుకున్న కాయిదా కానూన్లలో లేనిది ఆయనకు చేతకాదు. "ఫిర్యాదీ లేంది ఫైలు ఎట్ల నడుస్తది సార్" అన్నారు బాలకిషన్ సార్‌తో.

ఫైలు మూసుకుంటే ఆ పిల్లవాడి ఆట కూడా మూసుకుపోయినట్టే. రేపట్నుంచి మళ్ళీ ఆ కర్ర పట్టుకుని నిలబడాలి. పైగా ఈసారి చెప్పుకుని కూడా ఏమీ కాలేదన్న సంగతి అందరికీ తెలుసు. నా కొడుకు కూడా బతికినన్నాళ్ళూ తండ్రి కుర్చీ వెనక దాక్కోవచ్చని నేర్చుకుంటాడు. నాకు ఆ రెండోదే ఎక్కువ భయం వేసింది, ఉన్నమాట చెప్తున్నాను.

సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద ఫైలు పైన పెట్టాను.

"నేను చెప్త, నా బయాన్ రాసుకోండ్రి" అన్నాను.

"నువ్వు గవాహ్‌వి కాదు ప్రభావతి, సాక్షుల లిస్టుల నీ పేరు లేదు" అన్నారు మా ఆయన.

"లేకుంటె రాయుండ్రి. గవాహ్‌ని గాదు, ముద్దాయిని. ఐదు శనివారాలు ఈ డబ్బాల సున్నుండలొచ్చినయి. ఇష్టంగ పంపినయి గావు, గుంజుకున్నయి. నేను తిన్న. ముద్దాయిల లిస్టుల మొదటి పేరు నాది. రెండో పేరు మీది. మీరు పోయిన శనివారం ముందటి శనివారం నాలుగు తిన్నరు, నేను లెక్కపెట్టిన."

బాలకిషన్ సార్ ఈల పట్టుకుని దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికి దగ్గాడని అందరికీ తెలిసింది. "తిలా పాపం తలా పిడికెడు" అన్నాడు.

మా ఆయన మొహం ఎర్రగా అయింది. డబ్బా వంక చూశారు, గోపాలరావు వంక చూశారు. తర్వాత కలం తీసి బాలకిషన్ సార్ ముందు పెట్టి, లేచి వచ్చి బల్లకు ఇవతల నా పక్కన నిలబడ్డారు. పదహారేళ్ళ సర్వీసులో ఆయన కలం ఇంకొకరి చేతికిచ్చింది అదొక్కసారే.

"గోపాలరావు గారూ, నేనిప్పుడు మీ సూపరింటెండెంట్‌ను గాదు. చెప్పండ్రి" అన్నారు.

గోపాలరావు మెడ గుండీ సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే ఇంద్రసేన కాళ్ళవైపు చూసుకుంటూ మెల్లగా అన్నాడు.

"కర్ర గూడ నేనే పట్టుకొమ్మన్న సార్. మురుకులు మేమే తిన్నం."

అంతే. వాడు ఏడవలేదు, ఎవరి కాళ్ళమీదా పడలేదు. పక్కనున్న నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుని వాళ్ళూ ఒక్కొక్కరే చెప్పారు. నాకు మాత్రం కళ్ళు నిండాయి. చాయ్ గ్లాసులు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

బాలకిషన్ సార్ చాలాసేపు రాశాడు. రాసింది పైకి చదివాడు. మిరుగు దాకా, అంటే మృగశిర కార్తె వచ్చేదాకా ఇంద్రసేన ఆడకూడదు, కోర్టుకు నీళ్ళు చల్లాలి, గీతలు గీయాలి. కెప్టెన్ పదవి వేరేవాడికి. నీళ్ళ పని ఇక వంతుల ప్రకారం, మొదటి వంతు కెప్టెన్‌ది, ఎవడి బూట్లు వాడివే. "నీళ్ళు చల్లుడు నేనే మొదలుపెట్టిన. ఆట మీద భక్తి పుడ్తదనుకున్న. ఏం పుట్టిందో చూస్తున్న" అన్నాడు చివర్న. కర్రను సిమెంటులో పాతించమన్నాడు.

మా ఆయన కార్యదర్శి పదవికి అక్కడికక్కడే రాజీనామా రాసిచ్చి, గోపాలరావు పేరు ప్రతిపాదించారు. గోపాలరావు వద్దు సార్ వద్దు సార్ అంటుంటే, "ఇక్కడ సార్ మీరు" అన్నారు. ఆ తర్వాత ఆఫీసులో మా ఆయనకు గోపాలరావు చిట్టీలు పెట్టేవాడు, సాయంత్రం కొత్త బంతులకోసం గోపాలరావుకు ఈయన దరఖాస్తు పెట్టేవారు. ఒకసారి ఆబిడ్స్‌లో బ్యాటు కొనడానికి అనుమతి అడిగితే గోపాలరావు 'కారణం తెలుపగలరు' అని రాసి తిప్పి పంపాడు. మా ఆయన ఆ కాయిదం వారం రోజులు జేబులో పెట్టుకుని అందరికీ చూపించారు. మనిషికి పని వచ్చు అని ఒకటే మెచ్చుకోలు.

ఇంద్రసేన మొదటి నాలుగు రోజులూ బకెట్లు మోసి వచ్చి నాతో మాట్లాడలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. వెన్న రాస్తుంటే చెయ్యి లాక్కున్నాడు, మళ్ళీ తనే ఇచ్చాడు. వాడు గీసిన గీతలు కోతి గీసినట్టుండేవట. ఐదోరోజు ఇంటికొచ్చి తనంతట తనే చెప్పాడు.

"అమ్మా, అమర్ గాడు మాట్లాడిండు."

"ఏమన్నడు?"

"తాడు కట్టి గీయాలి అన్నయ్యా అన్నడు. నేను ఒక కొస పట్టుకున్న, వాడు ఒక కొస పట్టుకున్నడు." అరచేతి బొబ్బలు చూసుకుంటూ, "మస్తు ఆడ్తడమ్మా వాడు. వెనకపక్క ఎంత దూరం బంతైనా తీస్తడు" అన్నాడు. ఆ మాటలో కొంచెం ఈర్ష్య ఉంది, అది నాకు తప్పుగా తోచలేదు.

జూన్ మొదటి వారంలో పోటీలైనాయి. మావాళ్ళు మూడో ఆటలో ఓడిపోయారు. ఇంద్రసేన బయట నిలబడి గొంతు పోయేదాకా అరిచాడు. ఎక్కువసార్లు అరిచింది అమర్ పేరే.

ఇక ఆ డబ్బా సంగతి. తహకీకాత్ అయిన మర్నాడు నేను గరిజెలు చేసి, డబ్బా మూత పట్టనంత నింపి, నా చేతులతో నేనే కామాక్షి ఇంటికి తీసుకెళ్ళాను. అక్కడే గుమ్మంలో కూర్చుని ఇద్దరం నాలుగేసి తిన్నాం. కామాక్షి గరిజెలు బాగున్నాయంది, చక్కెర కాస్త తక్కువైందని కూడా అంది. ఆ రెండోమాట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత డబ్బా వాళ్ళింట్లోనే ఉండిపోయింది. నేనూ అడగలేదు.

మిరుగు రోజు మధ్యాహ్నం మొదటి వాన పడింది. ఆ వానలో నెత్తిమీద డబ్బా బోర్లించుకుని అమర్ పరిగెత్తుకొచ్చాడు. డబ్బా నా చేతికిచ్చి, తల విదిలించుకుని, నవ్వాడు.

అలవాటు ప్రకారం మూత తీశాను. లోపల ఏమీ లేదు. కడిగి తుడిచిన రేకు అడుగు, అంతే.

"అమ్మ ఏమీ చెయ్యలేదండీ పెద్దమ్మగారూ" అన్నాడు వాడు తొణక్కుండా. "తీరిక లేదంది. ఖాళీగా పంపితే బాగుండదేమో అన్నాను. పర్లేదులేరా, ఆవిడేం అనుకోరు అంది."

పెళ్ళై ఆ ఇంటికొచ్చిన పద్దెనిమిదేళ్ళలో నా చేతికి ఖాళీ డబ్బా పంపిన మనిషి అంతదాకా లేదు. ఒక నిమిషం దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"ఏం పంపింది కామాక్షమ్మ?" అని ముందుగదిలోంచి మా ఆయన ఆశగా అడిగారు. పేపరు మడిచిన చప్పుడు వినిపించింది.

"ఏం పంపలేదు" అన్నాను.

నా గొంతులో సంతోషం ఆయనకు అర్థం కాలేదు. గడప దగ్గర బూట్లకు సుద్ద పూసుకుంటున్న ఇంద్రసేన మాత్రం తలెత్తి నన్ను చూశాడు, డబ్బాను చూశాడు. లేచి వచ్చి, నా చేతిలోంచి దాన్ని తీసుకుని, తన తువ్వాలతో తడి తుడిచి అరలో పెట్టాడు.